తిరిగిరాని టోకెన్లు

మేడం పోయారని భవానీపురం నుంచి ఆమె తమ్ముడు పొద్దున్నే ఫోన్ చేశారు. గుండె ఆగిందట. "మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకెళ్తామండీ, వీలైతే రండి" అన్నారు. ఆమె దగ్గర ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాళ్లు బెజవాడలో చాలామందే ఉన్నారు. వెళ్లినవాళ్లం మాత్రం కొద్దిమందిమే.

చున్నీ చెంగుతో కంప్యూటర్ తెర తుడవందే మేడం పాఠం మొదలుపెట్టేవారు కాదు. మరమగ్గాల చీరల్ని మంగళగిరి చేనేత అని అమ్ముతుంటే చూడలేక ఆమె ఒక ఏర్పాటు చేశారు. చేతిమగ్గం దిగిన ప్రతి చీరకూ నేసినవారి పేరుతో బ్లాక్‌చెయిన్‌లో అంటే ఒకసారి రాస్తే ఎవరూ మార్చలేని కంప్యూటర్ ఖాతాలో, ఒక డిజిటల్ టోకెన్ ఉంటుంది. చీర దుకాణానికి వెళ్తే టోకెన్ కూడా దుకాణం చిరునామాకు మారుతుంది. మేడం రాసిన ప్రోగ్రాం ఏపీఐ ద్వారా, అంటే ఆ ఖాతాతో నేరుగా మాట్లాడి, ఆ పని చేసేది. పంపేముందు చిరునామాలోని అక్షరాలను వేలు పెట్టి పైకే చదివేవారు. "పంపేలోపే చూసుకోవాలి నాన్నా. పంపాక వెనక్కి రాదు, ఇంక దువా చేసుకోవడమే" అనేవారు.

పెళ్లిళ్ల సీజన్‌కు ముందు, చీరలన్నిటి టోకెన్లూ ఒకేసారి పంపారు. ప్రోగ్రాంలో దుకాణాల చిరునామాలకు బదులు, పరీక్ష కోసం పెట్టిన ఉత్తుత్తి చిరునామా ఉండిపోయింది. దాన్ని తెరిచే తాళంచెవి ఎవరి దగ్గరా లేదు, అందులో పడ్డవి ఇక బయటికి రావు. తెరమీద 'సక్సెస్' అని వచ్చింది. సంగతి తెలిశాక మేడం ఆ మాటమీద వేలు పెట్టారు. "నేను చెప్పింది చెప్పినట్టే చేసింది నాన్నా" అన్నారు.

మర్నాడు మేడమూ నేనూ మంగళగిరి బస్సెక్కి, ఆ చీరలు నేసినవాళ్లలో పెద్దాయన ఇంటికి వెళ్లాం. మేడం మగ్గం పక్కన నేలమీదే కూర్చున్నారు.

"టోకెన్లు పోయాయండీ. తప్పు నాదే."

"మళ్లీ తయారుచెయ్యొచ్చు గదమ్మా?"

చేశారు. దుకాణాలవాళ్లు ఒప్పుకోలేదు. "ఒక్క చీరకి రెండు టోకెన్లుంటే దేన్ని నమ్మమంటారు మేడం? సరైన టోకెన్ లేకపోతే చేనేత కాదని మీరేగా చెప్పింది!"

ఆమె దుకాణం దుకాణమూ తిరిగి బతిమాలారు. ఆ చీరలు చివరికి మరమగ్గం చీరల గుట్టలోనే కలిసిపోయాయి. పెద్దాయన కొడుకు మగ్గం విప్పేసి ఆటోనగర్‌లో పనికి కుదిరాడు. మేడం పాఠాలు మానేశారు. పలకరించబోతే టీ ఇచ్చేవారు, నవ్వేవారు, కంప్యూటర్ ఊసెత్తేవారు కాదు. ఏదైనా దారి వెతుకుదామంటే, "కొన్నిటికి దారుండదు నాన్నా" అన్నారు. నాకున్న విద్య ఆమె పెట్టిందే. అందులో ఆమెకు పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు.

మేడం పోయిన రోజు, మధ్యాహ్నం నమాజుకు ముందే పెద్దాయన మంగళగిరి నుంచి వచ్చారు. చేతిలో తెల్లటి నూలు గుడ్డ.

"మగ్గం విప్పేముందు ఆఖర్న నేసింది బాబూ. అమ్మకి పనికొస్తుందేమో కనుక్కో."

నేను తమ్ముడికి చెప్పాను. ఆయన గుడ్డను చేత్తో నిమిరి, లోపలికి తీసుకెళ్లారు. కొనితెచ్చిన కఫన్ బట్టను పక్కన పెట్టి, లోపల ఆడవాళ్లు మేడంకు అదే చుట్టారు.

ఖబరస్తాన్‌లో మేడంను గుంతలోకి దించుతున్నప్పుడు పెద్దాయన మెల్లగా అడిగారు: "నేత ఎక్కడా వదులుగా లేదు గదా బాబూ?"

లేదన్నాను. మన్ను మొత్తం కప్పేదాకా ఒక మూల ఆ తెలుపు కనిపిస్తూనే ఉంది.