కొయ్యమన్న మాట

మా ఉద్దానంలో కొబ్బరి దింపుకి ఒక కట్టుబాటు ఉండేది. చెట్టెక్కినవాడు కత్తి ఎత్తేముందు "కొయ్యనా?" అని కేకేస్తాడు. ఆకుల మధ్య ఉన్నవాడికి నేల కనబడదు. కింద నిలబడ్డ మనిషి దారికి అటూ ఇటూ చూసి "కొయ్యి" అన్నాకే గెల తెగాలి.

నా మొగుడు రంగూన్‌లో ఉన్న ఏళ్లలో మా తోట దింపు నేనే దగ్గరుండి చేయించేదాన్ని. కింద నిలబడే పనీ నాదే. నా నోటికి ఊరంతా జడిసేది, అది నాకు లోలోపల గర్వంగానే ఉండేది. ఆ రోజు దడి అవతల ఉన్న తోటికోడలితో తగువు పడుతున్నాను. ఆవిడ మేక మా కొబ్బరి మొక్కని మేసేసింది. నేను మంచి ఊపు మీదున్నాను. పైనుంచి "కొయ్యనా అమ్మా?" అని వినబడింది. తల తిప్పకుండానే "కొయ్యి" అనేశాను.

అదే వేళకి చేపలమ్మే ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని దారిన వస్తోంది. తట్ట మోసేవాళ్లు తలెత్తి పైకి చూడలేరు. గెల ఆమె మీద పడింది. నేను పరుగెత్తి వెళ్లేసరికే ప్రాణం లేదు. ముందురోజు మా గుమ్మంలో నాతో బేరమాడి, నన్ను పిసినారినని నవ్వి పోయిన మనిషి. వాళ్ల పల్లెవాళ్లు వచ్చి మోసుకుపోయారు. ఆమె పిల్లలకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. మేమూ ఇవ్వలేదు.

మునసబు వచ్చి దింపువాణ్ణి, కేక వేశావా అని అడిగాడు. వేశానన్నాడు. జవాబు వచ్చిందా అన్నాడు. అతను ఒక్కసారి నా వైపు చూశాడు.

"గాలికి సరిగ్గా ఇనబడనేదు బావూ," అన్నాడు.

మునసబు అదే రాసుకున్నాడు. నేను గడప లోపల నిలబడి అంతా విన్నాను, బయటికి రాలేదు. తోటికోడలు నా మాట విననేలేదో, విని ఊరుకుందో ఇప్పటికీ తెలియదు. టెక్కలిలో కేసు నడిచింది. జవాబు రాకుండానే కోశాడని అతనికి ఆరు నెలలు జైలు వేశారు.

తిరిగొచ్చాక అతన్ని ఎవరూ చెట్టెక్కనివ్వలేదు. ప్రతి దింపుకీ చెట్టెక్కే మోకు భుజాన వేసుకొచ్చి మా దడి దగ్గర నిలబడేవాడు. నేను చూడనట్టే లోపలికి వెళ్లిపోయేదాన్ని. కొన్నాళ్లకి రావడం మానేశాడు. కొబ్బరి పీచుతో తాళ్లు పేనుకుని బతుకుతున్నాడని విన్నాను.

చాలా ఏళ్లకు మా ఆయన రంగూన్ వదిలి వచ్చేసి, పలాస దారిలో తిప్పడానికి బస్సు కొన్నాడు. ఇక ఆయన కాళ్లు నేల మీద ఆగలేదు. బీమా ఏజెంటు ఒకాయన ఇంటికొచ్చి, ఓపిగ్గా అన్నీ వివరించాడు. కాగితంలో మొదటి మనిషి బస్సు యజమాని, రెండోది కంపెనీ, ఆ బస్సు తగిలి దెబ్బతిన్న దారిన పోయేవాడు మూడో మనిషి. ఆ మూడో మనిషికి యజమాని ఇవ్వాల్సిన నష్టపరిహారమే కంపెనీ భరిస్తుంది. నడిపినవాడి తప్పుకి కూడా చట్టం ముందు యజమాని బాధ్యుడేనట, ఎందుకంటే పని యజమానిది.

తలుపు వెనకనుంచి అడిగాను, యజమాని చెయ్యమన్నదే పనివాడు చేస్తేనో అని. అప్పుడు పనివాడి తప్పేముందమ్మా అన్నాడాయన. ఎప్పుడో జరిగినదానికి ఇప్పుడు బీమా కట్టొచ్చా అన్నాను. బస్సు రోడ్డెక్కకముందే మా ఆవిడకి బెంగ పట్టుకుందని మా ఆయన వేళాకోళం చేశాడు.

"బీమా జరగబోయేదానికేనమ్మా," అన్నాడు ఏజెంటు. "జరిగిపోయినదానికి ఏ కంపెనీ రాసివ్వదు."

మర్నాడు దింపువాడి పాకకి వెళ్లాను. అతను గుమ్మంలో కూర్చుని తాడు పేనుతున్నాడు.

"ఆ రోజు నాను కొయ్యమన్నాను. నీకు ఇనబడింది గదా?"

"ఇనబడిందమ్మా." అతని చేతులు తాడు పేనుతూనే ఉన్నాయి.

"మరెందుకు సెప్పనేదు?"

"నాకొచ్చింది సెట్టెక్కడమొక్కటే. మీ మీద సెప్పీసి, మీ తోటకి మళ్లీ ఎలగొత్తాను?"

అన్ని దింపులకీ దడి దగ్గర నిలబడింది నా పిలుపు కోసమే. ఆ సంగతి నాకప్పుడే తెలుసు. వచ్చే దింపుకి రమ్మన్నాను. అతను పేనుతున్న తాడు పక్కన పెట్టి, వాచిన మోకాళ్లు చూపించాడు.

"ఇప్పుడెక్కనేనమ్మా," అన్నాడు.