తొమ్మిది కట్టల్లో ఏడు

గుట్ట మీద బాటలు బాగు చేసేవాళ్ళ ఫారంలో వయసు అడిగిన చోట యాభై మూడు అని రాశాను. అనుభవం అన్న చోట సున్నా పెట్టాను. రెండూ నిజాలే.

చిక్కడపల్లి సందులో ముప్పై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. బడి ఏడో తరగతితో ఆగిపోయింది. లెక్క నాకు టేపు నేర్పింది. అశోక్‌నగర్ నుంచి వచ్చే కస్టమర్ ఒకామె ఒకసారి, "జాకెట్ సోమవారం తీసుకుంట అక్కా, ఆదివారం గుట్టకు పోవాలె, బాట పనుంది" అంది. ఊరి బయట గుట్ట మీద జనం నడిచే కాలిబాటలను వాన కోసేస్తుంటే, కొందరు జీతం లేకుండా వెళ్ళి బాగు చేస్తున్నారట. అప్పటిదాకా నేను చేసినదంతా ఒక్కొక్కరి కొలతకే. అందరి కాళ్ళకూ పనికొచ్చేది ఒకటి చేయాలనిపించింది.

మా ఆయన నవ్వాడు. "ఇంట్ల వాటర్ క్యాన్ లేపవు, గుట్ట మీద బండలు లేపుతవా?"

"క్యాన్ నువ్వు లేపుతున్నవ్ గదా. ఆ బలమంత నాకు మిగిలింది" అన్నాను.

ఆదివారం పొద్దున్నే నారాయణగూడ చౌరస్తాలో వ్యాన్ ఎక్కాం. మనుషులం పద్నాలుగు మందిమి, పనిముట్లు పదకొండు. బృందాన్ని నడిపే అతను బ్యాంకు ఉద్యోగి, నాకంటే పదేళ్ళు చిన్న. గడ్డపారలు, పారలు పంచి నా చేతిలో నోటుబుక్కు పెట్టాడు.

"ఈ ఉమర్ల మీకు మట్టి పని ఎందుకక్కా? హాజరు రాయండి, పేరు పక్కన ఎవరు ఏ సామాను తీసుకున్నరో జర రాయండి."

"రాస్త తమ్మీ. కానీ కనపడిందంత రాస్త."

పావుగంటకోసారి, నేల మీద ఊరికే పడున్న పనిముట్లు ఎన్నో రాశాను. నాలుగు, మూడు, ఐదు, నాలుగు. గంట తర్వాత ఆ పేజీ అతనికి చూపించి, పడున్న గడ్డపార ఒకటి తీసుకున్నాను. అతని అనుమతి అడగలేదు.

ఆ రోజు పని అడ్డుకట్టలు. గుట్ట మీది నీరు బాట వెంటే దిగుతూ మట్టిని కోస్తుంది. బాట మధ్యలో రాళ్ళు పాతి, మట్టి దట్టించి, ఆ నీటిని పక్కకు పంపాలి. తొమ్మిది మందిమి తలా ఒకటి కట్టాం, మిగతావాళ్ళు రాళ్ళు మోశారు. నాది మా సందులో స్పీడ్ బ్రేకర్ లాగా కట్టాను. టేపు పట్టి, బాటకు సరిగ్గా అడ్డంగా, అర అంగుళం తేడా లేకుండా. దాదాపు అందరూ అలాగే కట్టారు. సందుల్లో పెరిగినవాళ్ళం, అడ్డం అంటే మాకు తెలిసింది అదే. పెద్ద బండ అడ్డొచ్చి ఇద్దరివి మాత్రం వంకరగా వచ్చాయి. అందులో ఒకటి నన్ను తీసుకొచ్చిన కస్టమర్‌ది.

"ఏంది మేడం ఇది, తాగి కట్టిన్రా?" అని బ్యాంకు తమ్ముడు ఆమెను ఆటపట్టించాడు. నా కట్ట పక్కన మాత్రం ఫోటో దిగాడు.

రెండు పెద్ద వానలు పడ్డాక మళ్ళీ వెళ్ళాం. నా కట్ట లేదు. దాని రాళ్ళు నాలుగు కింద మలుపులో దొరికాయి. బ్యాంకు తమ్ముడు నోటుబుక్కు అందించాడు.

"అందుకే అక్కా, ఆ రోజే చెప్పిన. మీరు బుక్ చూసుకోండి, కట్టలు మేం చూసుకుంటం."

తీసుకున్నాను. బాట ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిచి, రాసుకుని, తిరిగొచ్చి అందరి ముందూ చదివాను.

"తొమ్మిది కట్టినం. ఏడు కొట్టుకపోయినయ్. ఒకటి నాది, ఒకటి నీది, ఐదు వీళ్ళవి. మరి మీ ఆరుగురికి బుక్కులేవి తమ్మీ?"

కస్టమర్ నవ్వు ఆపుకోలేకపోయింది. అతను నవ్వలేదు.

"నిలబడ్డయి రెండే" అన్నాను. "తాగి కట్టినయ్."

ఆ రెంటి దగ్గర కూర్చుని టేపు పెట్టి చూశాను. వంకర వల్ల ఒక కొస రెండో కొస కంటే జానెడు దిగువన ఉంది. నీరు కట్ట వెంట జారి బాట పక్కనున్న వాలులోకి పోయింది. మా తిన్నని కట్టల దగ్గర మాత్రం ఆగి, కట్ట వెనక మట్టి నింపి, పైనుంచి దూకింది. బట్టను ఏటవాలుగా కత్తిరిస్తే ఒంటికి ఒదుగుతుంది; క్రాస్ కటింగ్ అంటాం. ముప్పై ఏళ్ళుగా ఆ పనే చేస్తూ గుట్ట మీదికొచ్చి స్పీడ్ బ్రేకర్ కట్టాను. నా మీద నాకు కోపం వచ్చింది. సిగ్గు మాత్రం రాలేదు.

పాత చోటే, ఈసారి ఏటవాలుగా, రెండు కొసలకూ గుర్తులు పెట్టాను. బ్యాంకు తమ్ముడు వచ్చి నిలబడ్డాడు.

"వానలు ఇంకా ఉన్నయి అక్కా. ఇది గూడ కొట్టుకపోతే?"

"మూడోది కడత. బుక్ నువ్వే పట్టుకో, నాకు చేతులు ఖాళీ లేవు."

అతను నోటుబుక్కు అందుకుని, తెరిచి, నా పేరు పక్కన ఏదో రాశాడు. మెడ చాచి చూశాను. గడ్డపార అని ఉంది. మొదటి రాయికి గుంట తవ్వడానికి వంగాను.