ఎదురుగా కూర్చున్న మనిషి

నా భార్య పోయి పదకొండు రోజులైంది. కరోనా రెండోసారి సూరత్‌ను చుట్టుకున్నప్పుడు ఆసుపత్రిలో చేర్చాను. ఒక ఉదయం నర్సు ఫోన్ చేసి హిందీలో చెప్పింది. నేను రెండుసార్లు "జీ" అన్నాను. ఆ సంగతి అంతకంటే రాయలేను. ఆమె బతికిన తీరు రాయగలను.

సూరత్‌లోని గోడాదరాలో మాది వలస వచ్చిన తెలుగు మగ్గాలవాళ్ల గల్లీ. నేను డిగ్రీ చదివి మిల్లులో సూపర్‌వైజర్‌నయ్యాను. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. ఇంట్లోనే చీరలకు రాళ్లు అంటించేది. పని మొదలుపెట్టే ముందు రాజన్న దేవుడి పటం ఎదుట కాసేపు ఊరికే కూర్చునేది. ఏం మొక్కుకున్నావని ఒకసారి అడిగాను.

"ఏం మొక్కలె. అలిసిపోయిన. గాయన కాడ జర కూసున్న."

అది భక్తి కాదు, బద్ధకమని ఏడిపించాను. ఆయన ఏమీ అనడని, మీకే ఏదో ఒకటి అనకుంటే తోచదని నవ్వింది. ఇప్పుడు నేనూ అక్కడ కూర్చుంటున్నాను. ఏమీ అడగను. కాస్త తేలికగా ఉంటోంది.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాయి. గల్లీ సగం ఖాళీ అయింది. ఎదురింట్లో మగ్గం నడిపే ఆయన కరోనాతో పోయాడు. ఆయన భార్యను నా భార్య ఒదినె అని పిలిచేది. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు కరీంనగర్ దగ్గర సొంతూళ్లో చిక్కుకుపోయాడు. ఆ ఒదినె ఇంట్లోంచి బయటికి రాకూడదని తలుపుకు కాగితం అతికించారు.

మావాళ్లలో చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. చుట్టుపక్కలవాళ్లే అన్నం తీసుకెళ్తారు. అప్పుడు ఎవరూ ఆ గడప దగ్గరికి పోలేదు. నా భార్య డబ్బా తీసుకెళ్లి అక్కడ పెట్టి వచ్చింది. సాయంత్రానికి మూత కూడా తీయలేదు. రెండో రోజూ అంతే. ఇలాగే ఉంటే ఆ ఇంట్లో రెండో చావు తప్పదని గల్లీలో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనలేదు.

మనం చేయగలిగింది చేశామన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"తప్పు మనదే. డబ్బా పెట్టి ఒస్తె అన్నం పెట్టినట్టా? ఎదురుంగ కూసొని తినాలె గద."

నిజమే. దుఃఖంలో ఉన్న మనిషికి ఒంటరిగా ముద్ద దిగదని, అన్నం తెచ్చినవాళ్లూ కూర్చుని తింటారు. చదువుకున్న నేనే అది మరిచాను.

మూడో రోజు రెండు డబ్బాలు కట్టింది. ఒకటి ఆ గడప మీద పెట్టి వచ్చి, ముఖానికి గుడ్డ కట్టుకుని మా మెట్టు మీద కూర్చుంది. తన డబ్బా ఒళ్లో పెట్టుకుంది, మూత తీయలేదు. ఎండ నెత్తికెక్కింది. లోపలికి రమ్మని నేనంటే తల ఊపింది గానీ కదల్లేదు. మధ్యాహ్నం దాటాక ఎదుటి తలుపు కొంచెం తెరుచుకుంది.

"దేవుడేడికి పోయిండే పిల్లా?" లోపలినుంచి ఒదినె గొంతు సన్నగా వచ్చింది.

నా భార్య మెట్టు మీంచే బదులిచ్చింది.

"యాడికి పోతడు ఒదినె? నీ పక్కకే కూసున్నడు. నువ్వు తినలేదని గాయన గూడ పస్తున్నడో ఏమో. నేనైతె పొద్దటిసంది ఉన్న."

తలుపు వెనక చిన్న శబ్దం. ఏడుపో, నవ్వో.

దేవుడి దయ గురించి నేను చాలా చదివాను. అది ఒక గల్లీ దాటడం ఆ రోజే చూశాను. దాటించిన మనిషి నా భార్య. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

తలుపు పూర్తిగా తెరుచుకుంది. ఆ పెద్దావిడ గడప లోపల కూలబడి డబ్బాను దగ్గరికి లాక్కుంది. నా భార్య గుడ్డను గడ్డం కిందికి దించి, చల్లారిన పప్పన్నం కలిపింది. ముద్ద చేసి, ఎదుటి మనిషి చేయి నోటిదాకా వెళ్లేవరకు అలాగే పట్టుకుని కూర్చుంది.