మాస్టారు విప్పిన తీగలు

మా వయొలిన్ మాస్టారు కచేరీకి ముందు తన వయొలిన్‌కి కొత్త తీగలు వేసుకునేవారు. విప్పిన పాత తీగల్ని పారెయ్యడం ఉండేది కాదు. వాటిని చుట్టగా చుట్టి, తమలపాకులో పెట్టి, పసుపు అద్ది, శిష్యుల్లో ఎవరో ఒకరి చేతిలో పెట్టేవారు. అది గురుప్రసాదం. ఆ పూట ఆకు ఎవరికి దక్కుతుందా అని, సత్యనారాయణపురంలో ఆయన ఇంటి వసారాలో కూర్చున్న మేమంతా మెడలు చాచి చూసేవాళ్ళం. తొంభైల్లో నేను అక్కడ నేర్చుకున్నన్నాళ్ళూ ఎక్కువసార్లు అది నాకే వచ్చింది. నా అంత అదృష్టవంతురాలు లేదని పొంగిపోయాను, పిచ్చిమొహాన్ని.

ప్రతి ఆదివారం పామర్రు నుంచి బస్సులో వచ్చేదాన్ని. మా నాన్నది వ్యవసాయం. నేను ఆ ఆకు ఇంటికి తీసుకెళ్తే చెప్పులు విడిచి కళ్ళకద్దుకునేవాడు. అమ్మ దాన్ని ఒక పూట దేవుడి గూట్లో ఉంచి గానీ నాకిచ్చేది కాదు. అప్పుడు నా వయొలిన్ మీదున్నవి ఒక్కొక్కటే విప్పి, మాస్టారి తీగలు ఎక్కించేదాన్ని. అన్నీ ఒకేసారి విప్పితే బ్రిడ్జి పడిపోతుంది. తీగ కొసని బిరడా బెజ్జంలో దూర్చి, చుట్టు మీద చుట్టు ఎక్కకుండా పక్కపక్కనే వచ్చేలా తిప్పాలి. వాయించడం కన్నా ముందు నాకు ఈ పని బాగా వచ్చింది.

వాయించడమే రాలేదు. రాలేదని మాస్టారే తీర్పు చెప్పారు. షడ్జమం శుభ్రంగా పలికేది. గాంధారం దగ్గరకొచ్చేసరికి స్వరం పక్కకి పోయేది. వేలు కాస్త పైకి జరిపితే దొరికినట్టే ఉండి మళ్ళీ జారిపోయేది. ఆయన కమాను తిప్పి పట్టుకుని వేళ్ళ కణుపుల మీద కొట్టేవారు.

"అది చెవా, చేటా? చిన్నప్పట్నుంచీ పొలంలో కప్పల అరుపులు విన్న చెవికి గాంధారం ఎక్కడ తెలుస్తుందే!"

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని, ఏడిస్తే ఇంకో మాట పడుతుందని. తర్వాత ఆయన తన మేనకోడలి వైపు తిరిగేవారు. "నువ్వు వాయించమ్మా, విని సిగ్గు తెచ్చుకుంటుంది." ఆ పిల్ల వాయించేది. గాంధారం గుడిగంటలా నిలబడేది. ఆమెకి మాత్రం ఒక్కసారి కూడా ప్రసాదం దక్కలేదు. ఎప్పుడూ కొత్త ప్యాకెట్లు చింపుకుని బజారు తీగలే వేసుకునేది. పాపం, సొంత మేనకోడలికి కూడా ఇవ్వడం లేదు చూడండి అని మేం జాలిపడేవాళ్ళం.

ఒకసారి మా నాన్న నాకు కూడా కొత్త తీగలు కొంటానన్నాడు. మాస్టారు ఆయన్ని వసారాలోనే నిలబెట్టి, "గురువు తీగ కాదని బజారు తీగ వేస్తారా? అయితే బజార్లోనే నేర్చుకోమనండి" అన్నారు. నాన్న చేతులు జోడించి క్షమాపణ చెప్పుకున్నాడు. పెద్ద రైతు, ఊళ్ళో అందరూ లేచి నిలబడే మనిషి.

ఇంటర్ అయ్యాక నాన్న ఒక షరతు పెట్టాడు. రేడియో ఆడిషన్‌లో నెగ్గితే సంగీతం కాలేజీలో చేరుస్తాడు, లేకపోతే వయొలిన్ కట్టిపెట్టి బి.కాం. చదవాలి. వేదికెక్కి వాయించడం తప్ప నాకు బతుకులో ఇంకేమీ అక్కర్లేదు. ఆడిషన్ ముందు వారం మాస్టారు నన్ను పిలిచి, తలమీద చెయ్యి పెట్టి మరీ ఆకు ఇచ్చారు. ఆ తీగలే వేసుకుని వెళ్ళాను. గాంధారం ఎప్పటిలాగే పోయింది. మేనకోడలు నెగ్గింది. నేను బి.కాం. చదివి, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగంలో కుదురుకున్నాను.

చాలా ఏళ్ళకి, పెళ్ళయి విజయవాడలోనే కాపురం ఉంటున్నప్పుడు, అటక మీంచి వయొలిన్ దింపాను. శ్రుతి చేస్తుంటే గాంధారం పలకాల్సిన రెండో తీగ పుటుక్కున తెగింది. గవర్నరుపేటలో కొత్త సెట్టు కొనుక్కొచ్చి వేశాను. వేలు పాత చోటే పెట్టాను. గాంధారం పలికింది. ఏళ్ళ తరబడి సాధన లేని వేలు, అదే చెవి, మొదటి దెబ్బకే పలికింది. నేలమీద కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపులో సంతోషం చుక్కంత కూడా లేదు.

ఇంట్లో ఎప్పుడూ ఎక్కించని చుట్ట ఇంకొకటి ఉంది, పసుపుతో సహా. అందులోంచి రెండో తీగ తీసి వెలుతురులో తిప్పి చూస్తే, గాంధారం మీద వేలు పడేచోట నలిగి నొక్కుకుపోయి కనిపించింది. ఆయన వేలే అరగదీసింది. అయినా నా మనసు ఒప్పుకోలేదు. ఆయన కూడా ఆ ఆచారాన్ని నమ్మే ఇచ్చారేమో, తెలిసి చెయ్యలేదేమో అనుకున్నాను. ఆ ఒక్క సంగతి తేలితే చాలనిపించింది.

ఆయన అప్పటికి గుణదలలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటున్నారు. చూపు మందగించింది, చేతులు వణుకుతున్నాయి. పళ్ళతో పాటు, ఆ రెండో తీగ ఒక్కటే చుట్టి, తమలపాకులో పెట్టి ఇచ్చాను. "మీ వయొలిన్‌కి తీగ తెచ్చానండి మాస్టారూ."

ఆయన చూడలేదు. చూడక్కర్లేకపోయింది. బొటనవేలి గోటితో తీగని కొస నుంచి కొసకి ఒక్కసారి తడిమారు.

"చచ్చిన తీగే ఇది. గాంధారం పలకదు. ఎవడిచ్చాడే నీకు?"

"మీరేనండి."

పక్కగదిలో ఎవరో టీవీ పెట్టారు. ఆయన గోడకేసి చూస్తూ, వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పారు.

"మంచి చెవే నీది. మా పిల్ల చెవి కన్నా మంచిది. అందుకే."

నా చెవిని ఆయన మెచ్చుకోవడం అదే మొదటిసారి.

ఆయన వయొలిన్ మంచం మీదే ఉంది, రెండో తీగ లేకుండా. ఈ చేతులతో వేసుకోలేకపోతున్నానని ఆయనే అన్నారు. ఒళ్ళో పెట్టుకుని, పసుపు తుడవకుండా, ఆ చచ్చిన తీగే ఎక్కించాను. చుట్లన్నీ పక్కపక్కనే వచ్చాయి. శ్రుతి చేసి ఆయన చేతికిచ్చాను. "ప్రసాదం కదండీ. వాయించండి."

లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లు దిగాను. కింది అంతస్తు దాకా వినబడుతూనే ఉంది. షడ్జమం బాగానే ఉంది. గాంధారం దగ్గర తడుముకుంటున్నారు.