మూత లోపలి టేపు

ఉస్తాద్ ఇక లేరు. శుక్రవారం పొద్దున చాయ్ హోటల్ దగ్గర "మీ పక్క దుకాణం కంప్యూటరాయన పోయిండంట" అని ఎవరో అన్నప్పుడు, నాకు మొదట గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, నా దుకాణంలోని పాత డెస్క్‌టాప్. అందుకు సిగ్గుపడుతూనే ఇది రాస్తున్నాను.

మెదక్‌లో, రామాయంపేట రోడ్డు మీద నాది పెళ్లి వీడియోల మిక్సింగ్ దుకాణం. పక్కనే, అదే రేకుల కప్పు కింద, ఆయన కంప్యూటర్ల మరమ్మతు. అందరికీ ఆయన ఉస్తాదే. నాకు ఈ పని నేర్పి, మొదటి మిషన్ బిగించి ఇచ్చింది కూడా ఆయనే. పాతబడింది, కొత్తది కొనుక్కో అని ఏనాడూ అనలేదు. ఆ ముసలి ప్రాసెసర్‌నే కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ పరిగెత్తించి నా పని నడిపించారు.

వేగం ఒక్కో మెట్టు పెంచేవారు, ప్రతి మెట్టుకూ పరీక్ష పెట్టేవారు. అదీ మిట్టమధ్యాహ్నమే, ఫ్యాన్ బంద్ చేసి, షట్టర్ సగం దించి. "పొద్దుగాల సల్లకు నడిస్తె నడిచినట్టు గాదు తమ్మీ, ఎండకు ఓర్సుకుంటెనే నడిచినట్టు" అనేవారు. మిషన్ ఆగిపోయిన చోటు నుంచి రెండు మెట్లు దిగి, ఆ అంకెను దెబ్బలకు వేసే తెల్ల టేపు మీద రాసి కేబినెట్ మూత లోపల అంటించేవారు. నా మిషన్ అంకె 3.8 గిగాహెర్ట్జ్.

ఇంకో అలవాటు ఉండేది. ఏ మిషన్ వచ్చినా మొదట "ఏం ముట్టినవ్?" అని అడిగేవారు. ముట్టలేదన్న దాని జోలికి పోకుండా, మిగిలిన వాటిలో తప్పు వెతికేవారు. మనిషి మాటను అనుమానిస్తే చెయ్యి సాగదట. ఇంత అమాయకుడు దుకాణం ఎట్లా నడుపుతాడా అని నవ్వుకునేవాణ్ణి.

మొన్నటి చలికాలం పెళ్లిళ్లు మీద పడ్డాయి. ఆయనకు చెప్పకుండా మిషన్‌లో ఆ వేగాన్ని 4.0కి పెంచాను. మస్తుగా నడిచింది. ఎండలు ముదిరాక, వీడియో సగంలో ఉండగా తెర నల్లబడడం మొదలైంది. మొదట రోజుకోసారి, తర్వాత గంటకోసారి.

పిలిస్తే ఉస్తాద్ వచ్చారు. కూర్చుంటూనే ఛాతీ మీద అరచేత్తో రాసుకున్నారు.

"ఏమైంది ఉస్తాద్?"

"ఏం లే, జర గ్యాసు. ఇయ్యాల దవాఖానకు పోదామనుకున్న. నీ మిషన్ అయినంక పోత. ఏం ముట్టినవ్ తమ్మీ?"

"ఏం ముట్టలే."

నమ్మారు. మొదటి రోజు ర్యామ్ మార్చారు, రెండో రోజు పవర్ సప్లై మార్చారు. మార్చిన ప్రతిసారీ ఫ్యాన్ బంద్, సగం షట్టర్, ఆ రేకుల కింద గంటల తరబడి పరీక్ష. చొక్కా వీపుకు అంటుకుపోయింది, ముఖం బూడిద రంగుకు తిరిగింది. నేను చూస్తూనే ఉన్నాను. నిజం నోటిదాకా వచ్చింది, పరువు అడ్డొచ్చింది. చెప్పి ఉంటే ఐదు నిమిషాల పని.

మూడో రోజు సాయంత్రం మూత బిగించి, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, కాసేపు నా వంక చూశారు.

"ప్రాసెసర్ సల్లగుండనీకి పెట్టే పేస్టు ఎండిపోయింది తమ్మీ, గంతే. ఇగ నడుస్తది."

"రేపన్న దవాఖానకు పోండ్రి ఉస్తాద్."

"పోత, పోత."

తెల్లారితే శుక్రవారం.

"మూడొద్దుల సంది పొమ్మంటనే ఉన్న. ఆ మిషన్ల తప్పు దొరకనియ్యి అనుకుంట తిరిగిండు" అంది ఆయన భార్య, వాళ్లింటికి వెళ్లినప్పుడు. ఏ మిషన్ అని ఆమె అడగలేదు. ముందే చూపించుకుంటే బతికేవారా అని నేనూ ఏ డాక్టర్‌నీ అడగలేదు. ఆ జవాబంటే నాకు భయం.

మట్టి అయిన మూడో రోజు దుకాణం తెరిచి కేబినెట్ మూత విప్పాను. పాత టేపుకు దిగువన కొత్త టేపు ఉంది. దాని మీద ఆయన అక్షరాలు: "4.0 ఎండకు ఆగలే. మళ్ల 3.8." పేస్టు సంగతి అందులో లేదు.

తెలిసీ నన్ను ఒక్క మాట అనకుండా వెళ్లిపోయారు.

ఇప్పుడు మధ్యాహ్నం రెండు కాగానే ఫ్యాన్ బంద్ చేసి, షట్టర్ సగం దించి, ఆ మిషన్ ముందు కూర్చుంటున్నాను. రేకులు చిటపటమంటాయి. తెర ఒక్కసారి కూడా నల్లబడదు. నేను మాత్రం అది నల్లబడడం కోసమే చూస్తూ కూర్చుంటాను.