వేపా, కొండవేపా

సూరత్‌లోని లింబాయత్ సందులో వడ్రంగం చేసుకునే బ్రహ్మచారి అనే ఆయనకు కళ్ల కంటే ముక్కు మీదే నమ్మకం. వేప పలక, కొండవేప పలక పక్కపక్కన పెడితే అచ్చం అన్నదమ్ముల్లా ఉంటాయి. ఆయన మాత్రం చిత్రిక పట్టి, పొట్టు వాసన చూసి ఇట్టే తేల్చేసేవాడు. కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు ప్రాణం దక్కింది గానీ, ముక్కుకు వాసన తెలియకుండా పోయింది.

అప్పటి నుంచి అన్నం తిన్నా మట్టి తిన్నట్టే. నాలుగు దెబ్బలు కొడితే ఆయాసం. సంగతి బయటపడితే పని ఎవరిస్తారని గుట్టుగా నెట్టుకొస్తున్నాడు. భార్య భూదేవికి ఒక్కదానికే చెప్పాడు. ఆమెకూ జ్వరం తగిలింది గానీ, తన ముక్కు బాగానే ఉందంది. ఇంట్లో వాసన చూసే పని ఇక ఆమెదే అయింది.

ఆషాఢంలో పక్కింటి ఎల్లవ్వ వచ్చి, పోశమ్మకు పీట చేసిపెట్టమంది. భర్తను కరోనా మింగేసింది. పిల్లలనైనా తల్లి చల్లగా చూడాలని ఆమె మొక్కు.

"వేపదే కావాలె అన్నా. ఇంకోటి పెట్టి అమ్మ ముంగట నిలబడలేను."

కట్టెల అడితిలో వేపేనన్నారు. వాళ్లు ఏదంటే అదే, అడిగేదెవరు? పీట తయారయ్యాక బ్రహ్మచారి దాని కొసను పదునైన ఉలితో నున్నగా చెక్కి, తడిపి, ఎండకు తిప్పి చూశాడు. పెద్ద పెద్ద రంధ్రాలు వరుసలు కట్టి ఉన్నాయి. వేపకు అలా ఉండవు, సన్నగా అంతటా చెదిరి ఉంటాయి. అయినా కళ్లను నమ్మే ధైర్యం చాలలేదు. ఇంకో పీట చేసే ఓపికా లేదు.

స్టవ్ దగ్గరున్న భూదేవికి పీట అందించాడు. "జర వాసన చూడు. వేపేనా?"

ఆమె ముక్కుకు ఆనించి గట్టిగా పీల్చింది. "వేపే. చేదు వాసన గుప్పుమంటున్నది. పరేషాన్ గాకు."

హమ్మయ్య అనుకుంటూ తలెత్తాడు. ఆమె వెనక పప్పు గిన్నె నల్లటి పొగ కక్కుతోంది. ఆమె మాత్రం ఇంకా పీట ముక్కు దగ్గరే పట్టుకుని నవ్వుతోంది.

ఆయన వెళ్లి స్టవ్ ఆపాడు. మాడిన గిన్నెను చూసి భూదేవి పీటను మెల్లగా కింద పెట్టింది.

"నీకెప్పటిసంది వాసన తెలుస్తలేదు?" అని అడిగాడు.

"నీతోపాటే పాయె. ఇంట్ల ఒక్కరికన్న ఉన్నదంటే నీకు ధైర్యముంటదనుకున్న."

కోపం రావాల్సింది, ఏడుపొచ్చింది. గోడకు చేరగిలబడి కూర్చున్నాడు.

"ఇది కొండవేప," అన్నాడు చివరికి. "నా కండ్లు చెప్తనే ఉన్నయి."

"అయితే మల్ల అడితికి పోదాం. ఎట్ల చూడాల్నో చెప్పు, నేను గూడ చూస్త."

లేవమని ఆమె చెయ్యిచ్చింది. లేవడానికి ఆయనకు కాసేపు పట్టింది.