చిన్నరాములు మామ ఎర్రలైటు విందు

“ఈ పూట గూడ నోరు తెరవకపోతే ఎట్ల? మూడు వారాల్ల రెండు వందల గ్రాములు తగ్గింది!”

కారు తెల్లాపూర్ దాటి రింగురోడ్డు దగ్గర లారీల మధ్య ఇరుక్కునేసరికి శ్రీలత ఈ మాట అనడం నాలుగోసారి. మందుల కంపెనీ ల్యాబులో పనిచేసే మనిషి కాబట్టి ఆమె భయాలకు కూడా కొలతలుంటాయి. మూడేళ్ల కూతురు స్నిగ్ధ ఏ రోజు ఎన్ని చెంచాలు తిన్నదో ఫోనులో రాసిపెట్టుకుంటుంది.

“నాకు అరవై నిండినయి. నేను తిన్నయి ఎవ్వలన్న రాస్తున్నరా?” అన్నాడు ముందు సీట్లోంచి మామ చిన్నరాములు.

“నీ తిండి రాయాల్నంటె కాయితం సాలది,” అంది వెనక నుంచి అత్త కౌసల్య.

ఆ రోజు చిన్నరాములు పుట్టినరోజు. వెలిమెలలో రైతుల ఇంట పుట్టాడు. ఇరవై రెండేళ్లకు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో హెల్పరుగా చేరి, కరెంటు ప్యానెళ్ల ముందు ముప్ఫై ఆరేళ్లు నిలబడి, రెండేళ్ల కింద రిటైరయ్యాడు. ఫ్యాక్టరీ అతన్ని వదిలింది గాని, అతను ఫ్యాక్టరీని వదల్లేదు. ఇంట్లో గీజరు వేసినా రెండడుగులు వెనక్కి జరుగుతాడు. పెళ్లి భోజనాల్లో మజ్జిగ కోసం లేస్తే, “మనుషులు పనిచేస్తున్నారు, ముట్టరాదు” అని రాసిన అట్ట కుర్చీకి తగిలించి మరీ పోతాడు. ఒకసారి అది మెడలో వేసుకుని మధ్యాహ్నం కునుకు తీశాడని కౌసల్య చుట్టాలందరికీ చెప్పింది. అతను కాదనలేదు.

అరవయ్యేళ్లలో పుట్టినరోజు చేసుకున్నది లేదు. అందుకే కొడుకు సాయికిరణ్ ఈ బ్రెజిల్ తరహా హోటల్లో టేబులు మాట్లాడాడు. పొడుగాటి ఊచలకు గుచ్చి కాల్చిన మాంసం మన దగ్గరికే తెచ్చి, ప్లేట్లోకి కోసి వేస్తారట.

కూర్చున్నారో లేదో సాయికిరణ్‌కు ఆఫీసు ఫోనొచ్చింది. బయటికి పోయాడు. వడ్డించడానికి వచ్చిన జహూర్‌ది సంగారెడ్డి. నలభై అయిదేళ్ల మనిషికి హోటలువాళ్లు పెద్ద టోపీ, మెడకు ఎర్ర రుమాలు తగిలించారు. పాపం, ఇక్కడి పద్ధతేమిటో చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ శ్రీలత అడ్డం పడింది. నీళ్లు మరిగించినవేనా? కత్తులు దేనితో కడుగుతారు? ఇంతలో మరో టేబులువాళ్లు పిలిస్తే బతికానురా అనుకుంటూ పోయాడు.

బల్ల మీద తలా ఒక గుండ్రటి అట్టబిళ్ల ఉంది. ఒక వైపు ఎరుపు, ఒక వైపు పచ్చ. చిన్నరాములు మొహం వెలిగిపోయింది.

“ఓహో! ఇండికేషన్ పెట్టిన్రు!”

అతని ప్యానెల్లో ఎర్రలైటు వెలిగిందంటే మోటారు నడుస్తున్నట్టు. పచ్చలైటంటే ఆగినట్టు. ముప్ఫై ఆరేళ్లు ఆ రెండు లైట్లే అతని పంచాంగం. ఇంటి పెద్దగా అందరి బిళ్లలూ ఎర్రవైపు తిప్పి పెట్టాడు.

“ఇగ మోటర్ ఆన్. జెర ఎన్కకు కూసోండి.”

కూర్చున్నారు. జహూర్ ఊచ పట్టుకుని వచ్చాడు, బిళ్లలు చూశాడు, మర్యాదగా తల వంచి పక్క టేబులుకు వెళ్లిపోయాడు. పక్క టేబులులో ముక్కలు పడుతున్నాయి. వీళ్ల టేబులుకు వాసన మాత్రమే వస్తోంది.

“మస్తు మర్యాద ఉంది వీళ్లకు,” అన్నాడు చిన్నరాములు.

“మర్యాద నంజుకొని తింటమా? పుట్టినరోజని తోల్కొచ్చి ఒక్కపొద్దు పెట్టినవు.”

“లోడ్ ఎక్కువున్నది కౌసల్యా. మోటర్ అందుకోవాల్నంటె టైం పడ్తది.”

శ్రీలత ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నం చెంచాతో కూతురి నోటి చుట్టూ ప్రదక్షిణలు చేస్తోంది. స్నిగ్ధ పెదాలు బిగించి కూర్చుంది. పావుగంట గడిచింది.

“ఇది పనిచేస్తలేదు. బంద్ చేసి మళ్ల వేద్దాం,” అని చిన్నరాములు బిళ్లలన్నీ పచ్చవైపు తిప్పాడు.

నాలుగు దిక్కుల నుంచి నలుగురు ఊచలతో దిగారు. కోడి, మేక, చేప, అనాసపండు. చిన్నరాములు అదిరిపడి లేచి నిలబడ్డాడు.

“అరే, ఆఫ్ చేసిన! ఆఫ్ చేసినంక ఎట్ల నడుస్తది?”

ప్లేటుకు చేయి అడ్డం పెట్టాడు. మన దగ్గర చేయి అడ్డం పెడితే ఇంకాస్త వేయమనే కదా. జహూర్ వేళ్ల సందుల్లోంచి రెండు ముక్కలు జారవిడిచాడు. చిన్నరాములు బిళ్లలు తిప్పాడు, నలుగురూ మాయం. మళ్లీ తిప్పాడు, ప్రత్యక్షం. మూడుసార్లు పరీక్షించాక జహూర్ రొప్పుతూ అడిగాడు.

“చాచా, కసరత్ చేయిస్తున్నరా? పచ్చ పైకుంటే తెస్తం, ఎర్ర పైకుంటే ఆగుతం.”

“ఉల్టా వైరింగ్! మా కంపెనీల గిట్ల పెడితే పొద్దుగూకేసరికి అంబులెన్స్ వచ్చు!”

ఈలోపు శ్రీలత సంచిలోంచి వంట థర్మామీటరు తీసి కోడిముక్కలో గుచ్చింది.

“మేడం, కోడికి బుఖార్ లేదు,” అన్నాడు జహూర్.

“ఉండాలె. డెబ్భై నాలుగు డిగ్రీలుండాలె.”

కిసుక్కున నవ్వు వినిపించింది. స్నిగ్ధ. మనుషులు వచ్చి పోతుంటే ఇంతసేపూ కళ్లప్పగించి చూసింది. “తాతా, నాకు!” అని చేయి చాపింది.

“మామయ్యా, ఇయ్యకండి. ఆటల పడితే అస్సలు తినదు.”

“నడిపేదాన్కి స్విచ్చి లేకపోతే ఎట్ల బిడ్డా?” అని చిన్నరాములు తన బిళ్ల మనవరాలి చేతిలో పెట్టాడు.

పచ్చ. జహూర్ పరుగున వచ్చి, వంగి, కాల్చిన అనాసను గోరంత ముక్కలు చేసి పెట్టాడు. ఎరుపు. జహూర్ ఊచతో సహా బొమ్మలా నిలబడిపోయాడు. స్నిగ్ధ పకపకా నవ్వి, ఒక ముక్క నోట్లో వేసుకుంది. తినమని ఎవరూ అనలేదు. పచ్చ. ముల్లు లేని చేప. ఎరుపు. అదీ లోపలికి పోయింది. శ్రీలత ఊపిరి బిగబట్టి లెక్కపెడుతోంది: అనాస ఆరు, చేప నాలుగు, కోడి రెండు.

ఆశ మహా చెడ్డది. “ఇంకొక్కటి నాన్నా, ఒక్కటే,” అంటూ శ్రీలత మళ్లీ చెంచా ఎత్తింది. స్నిగ్ధ ఎర్రబిళ్లను అమ్మ ముక్కుకు ఆనించి నోరు బిగించింది. చెంచా ఇంకా ముందుకే వస్తోంది. చిన్నరాములు కోడలి చేయి అడ్డుకున్నాడు.

“బిడ్డా, ఆపరేటర్ ఆపిన మిషన్ల చెయ్యి పెట్టొద్దు.”

శ్రీలత చెంచా దించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయిదు నిమిషాలు గడిచాయి. స్నిగ్ధ తనంతట తనే బిళ్లను పచ్చకు తిప్పి, “పండు,” అంది.

ఇప్పుడు తెల్లాపూర్‌లోని వాళ్ల ఇంట్లో స్నిగ్ధ ఒక పూట కంచం ఖాళీ చేస్తుంది, ఒక పూట రెండు ముద్దలకే లేస్తుంది. శ్రీలతకు చెంచా అందుకోవాలని చేయి దురద పెడుతూనే ఉంటుంది. అయినా కంచం పెట్టి వెనక్కి జరిగి కూర్చుంటుంది. ఆ రోజు సాయికిరణ్ ఫోను ముగించుకుని వచ్చాక, కారెక్కుతూ చిన్నరాములు ఆమెకు చెప్పిన మాట అదే మరి:

“దాని కడుపుల మీటర్ నీకు కనవడ్తదా? దానికి కనవడ్తది. నువ్వు వడ్డించి చేతులు ఎన్కకు పెట్టుకో. నడపాల్నో ఆపాల్నో అదే చెప్తది.”